ఫోనులో బావగారు, బండ మీద రోకలి

తుమ్మలగుడ,
3 ఆగస్టు 2020

ఇందు నాన్నగారికి,

అత్తయ్య బాగున్నారు, మన ఇందు గుంట బాగుంది, మేకలు బాగున్నాయి. నల్లకోడి మాత్రం పొదగడానికి కూర్చుని మధ్యలో లేచిపోయింది. మీరు డొంకరాయి కాలువ పనికి వెళ్లిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఏ పనీ చివరిదాకా సాగడం లేదని అత్తయ్య దాన్నే తిడుతున్నారు.

ఫోను మాకు వదిలి వెళ్లారు కదా, ఉత్తరం ఎందుకని అనుకుంటారేమో. మీ మేస్త్రీ ఫోనుకు ఒకసారి చేశాను. "ఎవరమ్మా?" అని అడిగారు. ఎవరో చెప్పడానికి సిగ్గేసి పెట్టేశాను. పైగా గుంట క్లాసుకే ఛార్జింగు చాలడం లేదు. అందుకని ఐదో తరగతి దాకా నేర్చుకున్న రాత ఇప్పుడు బయటికి తీశాను.

కరోనా అని బడి మూసేసినా మాస్టారు వీడియోలో పాఠాలు చెబుతున్నారు. ఒకటో తరగతి పిల్లలు కాబట్టి పక్కన తల్లో తండ్రో కూర్చుని చెయ్యి పట్టి దిద్దించాలన్నారు. మన ఇంటి దగ్గర సిగ్నలు రాదు. కాఫీ తోట పైన బండ మీద వస్తుంది. బండ మీద కూడా ఎడమ పక్కనే వస్తుంది. మొదటి రోజు గుంటని తీసుకుని ఎక్కి, ఫోనుని రాయికి ఆనించాను. మాస్టారి ముఖం వచ్చింది. ఎవరనుకున్నారు, మీ పెదనాన్నగారి పెద్దబ్బాయి. మన బడికి కొత్తగా వేశారట.

బావగారి ఎదుట పడకూడదు కదా. లేచి కాఫీ చెట్లలోకి పరుగెత్తాను. చెప్పు ఒకటి బండ మీదే ఉండిపోయింది. క్లాసు అయ్యేదాకా జలగలు పట్టినా కదలకుండా కూర్చున్నాను. గుంట అక్షరాలు మానేసి బావగారికి నా చెప్పు చూపించింది.

ఫోనులో ఉన్న మనిషికి కూడా ఈ పద్ధతి పాటించాలా అని అత్తయ్యని అడిగాను.

"పటంలో ఉన్న దేవుడికి దండం ఎట్టవా ఏటి? పోన్లో ఉన్నా బావ బావే," అన్నారు.

మంగ్లు తాత దిసారి కదా, ముహూర్తాలు చెప్పే మనిషి కదా అని ఆయన్నీ అడిగాం. ఆయన ఫోను తిప్పి చూశారు. "ముందట మనిసున్నాడు. ఎనకాల లేడు. ఎనకాల నిలబడి మాటాడు," అన్నారు. ఫోను వెనక నిలబడితే గుంట చెయ్యి ఎలా అందుతుంది?

చివరికి దారి అత్తయ్యే చెప్పారు. మన ఇళ్లలో కోడలు బావగారికి ఏదైనా చెప్పాలంటే గుంజకి చెబుతుంది. ఆయన విని గుంజకే జవాబు చెబుతారు. బండ మీద గుంజ లేదు. "రోకలట్టుకుపో. అది ఇంట్లో పుట్టిందే, దానికి అన్నీ తెలుసు," అన్నారు.

మర్నాడు రోకలి మోసుకెళ్లి బండ సందులో నిలబెట్టాను. కొంగు కప్పుకుని, పక్కకి తిరిగి కూర్చుని, "రోకలీ, గుంటకి అ వచ్చు, ఆ రాలేదని చెప్పు," అన్నాను. ఫోను గరగరలాడింది. సిగ్నలు పోయిందనుకున్నాను. తర్వాత బావగారి గొంతు వినబడింది. "రోకలీ, రేపు పలక తెచ్చుకోమను."

అలా చదువు మొదలైంది. ఈ ఉత్తరం కొండబాబు వ్యానులో పంపుతున్నాను. మీ క్యాంటీనుకి కూరగాయలు తెస్తాడు కదా.

జలగలు పట్టిన చోట ఉప్పు రాసుకుంటూ,
ఇందు అమ్మ

డొంకరాయి,
12 ఆగస్టు 2020

ఇందు అమ్మకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కొండబాబు వంకాయలు దించాడు, అరటిగెల దించాడు. ఒక మాట కూడా దించాడు. "మీ ఇంటామె పొద్దున్నే రోకలి బుజానేసుకుని కొండెక్కుతంది. గుంట పలకట్టుకుని ఎనకాతల ఎల్తంది," అన్నాడు. క్యాంటీన్లో అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు అన్నాడు.

వెల్డింగు శివప్రసాద్ ఎలుగుబంటి భయమేమో అన్నాడు. ఇంకొకడు, ఎవరి తలో పగలగొట్టడానికేమో, తమ్ముడూ నువ్వు జాగ్రత్త, అన్నాడు. నాకు తెలుసు. పైన కాఫీ తోటవాళ్లకి నువ్వు కూలికి సామలు దంచుతున్నావు. గుంటని కూడా దంపుడికి తీసుకెళుతున్నావు. పలక ఎందుకో మాత్రం అర్థం కాలేదు, చేట దొరక్క పలకతో చెరుగుతున్నారేమో.

నేను బతికుండగా నా ఇంటి మనిషి పరాయి వాకిట్లో దంచకూడదు. ఇకమీద రోకలి ఇల్లు దాటకూడదు. ఇది కోపంతో రాయలేదు. కొంచెం కోపంతో రాశాను.

ఇంకో సంగతి. పార్వతీపురం నుంచి మాధవి అక్క మేస్త్రీ ఫోనుకు చేసింది. "కొండ మీద గుంటకి సదువెక్కడొస్తాదిరా? నా ఇంటి మీదే టవరుంది. దీపావళికొచ్చి తీసుకుపోతాను," అంది. అక్కకి పిల్లలు లేరు, మనసు మంచిది. సరే అన్నాను. నాకు ఒప్పుకోవాలనీ లేదు, కాదనడానికి మాటా లేదు. అందుకే ఒక మెలిక పెట్టాను. దీపావళిలోపు గుంట తన చేత్తో నాకు ఒక ఉత్తరం రాయాలి. నువ్వు చెయ్యి పట్టి రాయించింది చెల్లదు. అది వస్తే గుంట మన దగ్గరే ఉంటుంది. రాకపోతే పార్వతీపురం.

ఇక్కడ సైటు గేటు దాటనివ్వడం లేదు. లేకపోతే నేనే వచ్చి దిద్దించేవాణ్ణి.

ఫల్గుణ

తుమ్మలగుడ,
21 ఆగస్టు 2020

ఇందు నాన్నగారికి,

మీరు చెప్పినట్టే రోకలిని ఇంట్లో మూలన పెట్టాను. నేను ఎవరికీ దంచలేదు. ఎందుకు మోశానో మొదటి ఉత్తరంలో రాశాను, అది మీకు చేరలేదని ఇప్పుడు తెలిసింది. క్లాసు చెప్పేది మీ పెదనాన్నగారి పెద్దబ్బాయి. రోకలి పాఠం కోసం. సామల కోసం కాదు.

రోకలి లేని మొదటి రోజు బండ పక్కనున్న సిల్వరోక్ చెట్టుకి చెప్పి చూశాను. చెట్టు ఫోనులో కనబడదట. నేను నేరుగా తనతోనే మాట్లాడేస్తున్నానని బావగారు కంగారుపడి ఫోను కట్టేశారు. ఆ రోజు పిల్లలందరికీ సెలవు అయింది.

రెండో రోజు తెల్లమేకని తీసుకెళ్లాను. "మేకా, గుంట దీర్ఘాలు పలకడం లేదని చెప్పు," అన్నాను. మేక చెప్పింది. నేను చెప్పిన ప్రతిదానికీ చెప్పింది. పిల్లలంతా పాఠం వదిలి మేకతో పాటు అరిచారు. తర్వాత అది అఆల కాగితం తినేసింది. "మేకా, అది అందరి ముందూ తినకూడదు," అని బావగారు మెల్లగా అన్నారు. ఆయన ఎవరినీ గట్టిగా కోప్పడలేరు.

ఆ తర్వాత నేను కాఫీ చెట్లలోనే కూర్చుంటున్నాను. గుంట ఒక్కతే బండ మీద ఉంటోంది. దానికి అక్షరాలు వచ్చాయి గానీ దీర్ఘాలు రావడం లేదు. పలక చూసి చదివితే తాతని తత అంటుంది. కాకిని కకి అంటుంది. బావగారు అక్కణ్ణుంచి ఎంత సాగదీసినా సిగ్నలు మధ్యలో తెగి, సాగిన ముక్క పడిపోతోంది. ఇలా అయితే మీకు ఉత్తరం ఎలా రాస్తుంది?

మాధవి వదిన మంచివారు. నేను కాదనడం లేదు. గుంట రాత్రిపూట నా చెయ్యి పట్టుకుంటేనే పడుకుంటుంది. ఊరికే గుర్తుచేస్తున్నాను.

ఇందు అమ్మ

డొంకరాయి,
2 సెప్టెంబరు 2020

ఇందు అమ్మకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది కొండబాబు సీటు కింద జాకీకి చుట్టి ఉంది. జాకీ గీరుకోకుండా చుట్టానన్నాడు. గ్రీజు అంటని చోటల్లా చదివాను. అంటిన చోట దీపానికి ఎదురుగా పట్టి చదివాను.

సన్యాసిరావు అన్నయ్య మాస్టారుగా వచ్చాడని నాకేం తెలుసు? నీ మీద కూలి నింద వేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫోనులో బావగారి సంగతి క్యాంటీన్లో పెద్ద చర్చ అయింది. ఫోనులో కనబడేది నీడ కాబట్టి దోషం లేదని శివప్రసాద్ అన్నాడు. నీడైతే జీతం ఎలా తీసుకుంటాడని వంటాయన అడిగాడు. కాబట్టి రోకలి ఉండాల్సిందే అని తేలింది.

అంత బరువు రోజూ నువ్వు మోయడం నాకు ఇష్టం లేదు. బూరుగు కర్రతో తేలికైన రోకలి ఒకటి చెక్కి పంపుతున్నాను. బండ సందులో నిలబడేలా అడుగు సన్నం చేశాను. ఇది దంచడానికి పనికిరాదు. మాట్లాడడానికే.

మాధవి అక్కకి మాత్రం మాట ఇచ్చేశాను. గుంట పేరు కుట్టించిన సంచీ కూడా సిద్ధం చేసిందట. దీపావళిలోపు ఉత్తరం రాయించు. కాదు, రాయించకు. రాయనివ్వు.

ఫల్గుణ

తుమ్మలగుడ,
15 సెప్టెంబరు 2020

ఇందు నాన్నగారికి,

మాటల రోకలి చేరింది. ఎంత నున్నగా చెక్కారు. అత్తయ్య దాన్ని ఎత్తి చూసి, "ఇదేటి, రోకలి పిల్లా?" అన్నారు. పాత రోకలి పక్కన నిలబెట్టి కాసేపు చూసుకున్నారు.

మళ్లీ బండ మీద కూర్చుంటున్నాను. బావగారికి కూడా ప్రాణం కుదుటపడినట్టుంది. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు ఇందు పేరు తర్వాత కాస్త ఆగుతారు. "రోకలి వచ్చిందా?" అంటారు. "వచ్చిందని చెప్పు రోకలీ," అంటాను.

అయితే ఇంకొకటి జరిగింది. కింది వలస ఊరి నుంచి మగ్దలేనమ్మ వచ్చింది. వాళ్ల ఐజాక్ కూడా గుంటతో పాటే ఒకటో తరగతి. ఆవిడ గుమ్మంలో నిలబడే అడిగింది.

"ఒలే, నీ గుంట పక్కన రోకలెడతన్నావు గదా, అది ఎంత పొడుగుండాల?"

"నీకెందుకు వదినా?"

"ఎందుకేటి? మాస్టారు మీ రోకలికి హాజరేత్తన్నారు. మావోడికి రోకల్లేదని రేపు పాసు సెయ్యకపోతే? మేం చర్చి సంఘపోళ్లమని ముందుగా సెప్పలేదు మాకు."

బావగారి పద్ధతి అంతా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. విని, "అదంతా సరే. పొడుగెంత?" అంది.

మర్నాడు ఐజాక్ పక్కన రోకలి ఉంది. ఐజాక్ పక్కన చూసి మిగతా తల్లులు కూడా తెచ్చారు. ఒకావిడ రోకలి లేక కవ్వం నిలబెట్టింది. ఫోను నిండా పిల్ల, రోకలి, పిల్ల, రోకలి. బావగారు అందరినీ చూశారు. ఇది తన మరదలి వల్ల వచ్చిందని పదిమందిలో చెప్పలేక, అన్ని రోకళ్లకీ హాజరు వేశారు. కవ్వానికి వేయలేదు. ఆ తల్లి నొచ్చుకుంది.

గుంట దీర్ఘాలు మాత్రం ఇంకా రాలేదు. నిన్న పలక మీద మీ గురించి రాసింది. నన అని రాసింది. నేను కొంగుతో తుడిచేశాను.

ఇందు అమ్మ

డొంకరాయి,
27 సెప్టెంబరు 2020

ఇందు అమ్మకి,

కొంప మునిగింది. కొండబాబు ఈసారి పార్వతీపురం మార్కెట్టుకి పోయి, అక్కడ అక్కకి కనబడ్డాడు. ఊరి సంగతులు అడిగితే, "పిల్లలందరూ రోకళ్లట్టుకుని బడికెల్తన్నారమ్మా," అని చెప్పాడట. వాడు అబద్ధం ఆడడు. అదే ఇబ్బంది.

అక్క మేస్త్రీ ఫోనులో అరిచిన అరుపుకి మేస్త్రీ ఫోను నాకిచ్చి దూరంగా జరిగిపోయాడు. "సదువు పేరు సెప్పి పసిపిల్లల్చేత దంపించేత్తన్నారా? అందులో మాస్టారు మన సన్నాసా?" అంది. దంపుడు కాదు, మర్యాద కోసం అన్నాను. "ఎవరికిరా మర్యాద, రోకలికా?" అంది.

దీపావళి దాకా ఆగదట. దసరా వెళ్లగానే వస్తుందట. నా మెలిక గుర్తుచేశాను. ఉత్తరం ఉంటే చూపించమను, లేకపోతే గుంట బట్టలు సర్దమను, అంది.

గుంటని తొందరపెట్టకు. కానీ బేగి రాయమను.

ఫల్గుణ

తుమ్మలగుడ,
9 అక్టోబరు 2020

ఇందు నాన్నగారికి,

అత్తయ్య సామలు దంచుతున్న రోలు పక్కనే కూర్చుని రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే అందువల్ల.

మొన్న క్లాసు మధ్యలో ఎవరో పెద్దసారు ఫోనులోకి వచ్చారు. కళ్లజోడు, వెనక ఫ్యాను. పాఠాలు ఎలా జరుగుతున్నాయో చూడడానికి వచ్చారట. కాసేపు చూసి అడిగారు.

"మాస్టారూ, ప్రతి పిల్లాడి పక్కనా ఆ కర్ర ఏమిటి? కొడుతున్నారా?"

"అబ్బే, లేదండి."

"మరి?"

బావగారి ముఖానికి చెమటలు పట్టాయి. నేను పక్కకి తిరిగే ఉన్నాను గానీ కొంగు సందులోంచి కనబడింది. తమ్ముడి భార్య నాతో మాట్లాడకూడదండి అని ఆయన అంత పెద్దమనిషికి ఎలా చెబుతారు?

"అది దీర్ఘాలకండి," అన్నారు.

"అంటే?"

"క అంటే ఒక దెబ్బండి. కా అంటే రెండండి. పిల్లలు చెవితో పట్టుకుంటారండి."

ఆ క్షణంలో పుట్టించిన మాట అది. పెద్దసారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "బాగుందే. ఏదీ, ఒకసారి చూపించండి."

బావగారు మెలికలు తిరిగిపోయారు. మా రోకలి వైపు చూసి, చాలా దీనంగా, "రోకలీ, త అనిపించవూ," అన్నారు.

ఏం చేయను? లేచి బండ మీద ఒక పోటు వేశాను. మీరు చేసినది బూరుగు కర్ర కదా, దానికి చప్పుడే రాలేదు. దూది పడినట్టు పడింది. అప్పుడు మగ్దలేనమ్మ వాళ్ల వైపు నుంచి టేకు రోకలితో ధన్‌మని వేసింది. ఐజాక్ త అన్నాడు. ఆవిడ రెండు వేసింది. తా అన్నాడు. ఇంకో తల్లి వేసింది, ఇంకో తల్లి వేసింది. ఫోను అదిరిపోయింది. కవ్వం ఆవిడ ఏడుపు ముఖం పెట్టి చూస్తూ ఉండిపోయింది.

మన గుంట లేచి నా చేతిలో రోకలి తీసుకుంది. చప్పుడు లేకపోయినా రెండు వేసింది, ఒకటి వేసింది. "తా. త." అంది. నా వైపు చూసి మళ్లీ రెండు వేసి, "నా," అంది. తర్వాత ఏం అందో మీరే ఊహించుకోండి.

పెద్దసారు చప్పట్లు కొట్టారు. "ఇది మీ ప్రాంతపు పద్ధతా? ఎన్నాళ్ల నుంచి ఉంది?" అన్నారు. "తాతల నాటి నుంచండి," అన్నారు బావగారు. అది నిజం కాదు. కానీ బావగారి మాట కాదనే హక్కు నాకు లేదు.

ఇప్పుడు రెండు రోకళ్లూ మోస్తున్నాను. ఒకటి మాటలకి, ఒకటి దీర్ఘాలకి. అత్తయ్య సామలు దంచుతూ ఒకటే పోటు పడితే, "ఇది పొట్టిది," అంటున్నారు. రెండు పడితే, "ఇది పొడుగుది," అంటున్నారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. దీర్ఘాలు మాత్రం అన్నీ వచ్చేశాయి.

ఇందు అమ్మ

డొంకరాయి,
21 అక్టోబరు 2020

ఇందు అమ్మకి,

నీ ఉత్తరం క్యాంటీన్లో పైకి చదివాను. చప్పుడు రాని చోట శివప్రసాద్ నవ్వాడు. దంచడానికి పనికిరాదని నేను ముందే రాశానని వాడికి చెప్పాను.

అక్క ఆదివారం తర్వాత బయల్దేరుతోంది. ఆపలేకపోయాను. గుంట నోటితో పలికిందని చెప్పాను. "పలికితే సరా? సంతలో సిలకా పలుకుతాది. రాతేదీ?" అంది.

నాకూ రాత కావాలి. ఒక్క ముక్కైనా చాలు. నేను ఇక్కడ కూర్చుని ఏం చేయగలను, రోకళ్లు చెక్కడం తప్ప.

ఫల్గుణ

తుమ్మలగుడ,
2 నవంబరు 2020

ఇందు నాన్నగారికి,

వదిన వచ్చారు. ఎర్ర సంచీ తెచ్చారు, దాని మీద ఇందు అని పచ్చదారంతో కుట్టి ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని, అప్పుడు గుంటని ముద్దుపెట్టుకున్నారు. మర్నాడు మాతో పాటు బండ ఎక్కారు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. "ఇది బడా, తీర్థమా?" అన్నారు.

ఫోనులో బావగారు కనబడగానే పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు నేను రాయను. "ఒరే, పిల్లల్చేత దంపించి దాన్ని సదువంటన్నావంట?"

బావగారు తనకంటే పెద్దదైన అక్కకి భయపడతారని నాకు తెలీదు. ఆయన చూపు దించి, "రోకలీ, అక్కకి చెప్పు. పిల్లలకి దీర్ఘాలు వచ్చాయని చెప్పు," అన్నారు.

"నాతో మాటాడ్డానికి నీకు రోకలేటిరా?"

"రోకలీ, సిగ్నలు సరిగా లేదని చెప్పు," అని ఆయన ఫోను కట్టేశారు.

వదిన ఇటు తిరిగారు. "పదవే గుంటా, బేగి బట్టలు సర్దుకో," అన్నారు. గుంట నా వెనక్కి వచ్చింది. అప్పుడు నన్ను అడిగారు, "నువ్వేటంటావు?"

నేను ఇంతవరకు ఎవరికీ కాదని చెప్పలేదు. సంతలో పుచ్చు వంకాయ ఇచ్చినా తెచ్చుకుంటానని మీకు తెలుసు. వదినతో నేరుగా మాట్లాడొచ్చు, అడ్డు లేదు. అయినా వదిన ముఖం చూస్తూ కాదనలేను. బండ సందులో మీరు చెక్కిన రోకలి ఉంది. దాని వైపు తిరిగాను.

"రోకలీ, వదినకి చెప్పు. గుంటని నేను పంపను."

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలీదు.

"ఎదుటే ఉన్నాను గదే, నాకే సెప్పు," అన్నారు వదిన.

"రోకలీ, ఎదుట చెప్పలేనని చెప్పు."

వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూశారు, రోకలిని చూశారు. తర్వాత చీర సర్దుకుని దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "రోకలీ, ఈ పిల్లకి నోరున్నాదని ఇన్నాళ్లూ నాకెవరూ సెప్పలేదు. అది బాగుంది గానీ, మాట మాటే. గుంట రాసిన ఉత్తరం ఏదీ అని అడుగు," అన్నారు.

నేను అడగకముందే గుంట కాగితం తీసింది. బండ మీద బోర్లా పడుకుని రాసింది. ఎవరూ చెయ్యి పట్టలేదు, వదిన సాక్షి. ఎక్కడ దీర్ఘం వస్తే అక్కడ కాలి బొటనవేలితో బండ మీద రెండు కొట్టింది. రాయడం అయ్యేసరికి బొటనవేలు ఎర్రబడింది. వదిన కళ్లు చిట్లించి ప్రతి అక్షరం చూశారు గానీ, "నాకు రాసింది కాదు, నేను సదవను," అన్నారు. "ఇది సూసి తమ్ముడు ఏమంటే అది. వాడు సెల్లదంటే దీపావళికి మళ్లీ వస్తాను," అని వెళ్లారు. సంచీ మాత్రం వదిలి వెళ్లారు. ఉంచుకోమనో, సర్దమనో తెలీదు.

గుంట ఉత్తరం ఇందులో పెడుతున్నాను. ఒత్తులు ఇంకా రాలేదు. ఒత్తులకి ఏం చేయాలో బావగారు ఆలోచిస్తున్నారు. తిరగలి పట్టుకెళ్లమంటారేమోనని నాకు భయంగా ఉంది.

ఇందు అమ్మ

(గుంట ఉత్తరం)

రోకలికి.
మా నానకి చెపు. నేను ఇందు. ఇది నేనే రాసాను.
నాకు దీరాలు వచు. తాత. మేక. కాకి. రోకలి.
అత సంచీ ఇచింది. సంచీ బాగుంది. సంచీ ఉంచుకుంటాను. నేను పోను.
అమ రాతిరి నా చేయి పటుకుని పడుకుంటాది. అమకి భయం. నేను పోతే అమ చేయి ఎవరు పటుకుంటారు.
నాన బేగి రావాలి. నాన చేసిన రోకలికి చపుడు లేదు.
ఇందు

డొంకరాయి,
9 నవంబరు 2020

రోకలికి,

నిన్ను చెక్కినవాణ్ణి నేనే. కాబట్టి నా మాట వినాలి.

ముందుగా గుంటకి చెప్పు. ఉత్తరం అందింది. ఒత్తులు లేవు. ఒత్తులు లేకపోయినా అన్నీ వినబడ్డాయి. సంచీ ఉంచుకోవచ్చు. పార్వతీపురం పోనక్కరలేదు. అక్కకి నేనే మేస్త్రీ ఫోనులో చెప్పాను. గుంట రాసింది చదివి వినిపించాను. మళ్లీ మొదటి నుంచి చదవమంది. సిగ్నలు పోయిందనుకున్నాను. "ఆ కాయితం చింపకురా," అంది. తర్వాత, "నాకూ ఒకటి రాయమను," అంది. గుంటకి తీరిక ఉన్నప్పుడు రాయమను.

సన్యాసిరావు అన్నయ్యకి నా దండాలు చెప్పు. ఒత్తులకి తిరగలి వద్దని చెప్పు. మా ఇంటామె అంత బరువు మోయలేదు.

అమ్మకి చెప్పు, నల్లకోడిని మళ్లీ ఒకసారి పొదగబెట్టమని.

ఇక ఇంటామెకి. ఇది నువ్వే చెప్పాలి, నేను నేరుగా రాయలేను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెని పేరు పెట్టి పిలవలేదు. మొదట సిగ్గేసింది. తర్వాత గుంట పుట్టింది, ఇందు అమ్మ అని అలవాటైపోయింది. ఇక్కడ పనిలో రాళ్లు మోసేటప్పుడు, చుట్టూ ఎవరూ లేనప్పుడు, రెండు మూడుసార్లు పిలిచి చూశాను. నోరు తిరుగుతోంది.

ఆమె పేరు నిర్మల. బండ మీద ఆ పక్కన ఎవరూ లేని వేళ చూసి, నిర్మలా అని ఒకసారి పిలువు. దీర్ఘం తీసి పిలువు. పలికితే ఒక పోటు వెయ్యి. కొంగు కప్పుకుని కాఫీ చెట్లలోకి పారిపోతే రెండు వెయ్యి.

నీకు చప్పుడు లేదని నాకు తెలుసు. అయినా వింటూ ఉంటాను.

ఫల్గుణ